తిమింగలం మోసిన ఈటెమొన

"పురుగులు తినలేదని మీరూ తినరా, బావా?"

సుబ్బలక్ష్మమ్మ గుసగుసగా అడిగింది. నిన్నటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదు. పట్టుపురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. కుబుసం విడిచే ముందు ఆకు ముట్టకుండా, తలలు పైకెత్తి, తట్టల నిండా కదలకుండా నిద్రపోతున్నాయి. ఆ వేళ ఇంట్లో అరుపులు వినిపిస్తే పురుగు బెదిరి గూడు సరిగా కట్టదని బట్లహళ్ళిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అందుకే నిన్నటి పోట్లాట అంతా గుసగుసల్లోనే జరిగింది. గట్టిగా అరుచుకుని ఉంటే ఈపాటికి చల్లారిపోయేదేమో. మెల్లగా అన్న మాటలు లోపలికి దిగి అక్కడే కూర్చున్నాయి.

మునిశామప్ప తట్టల నడుమ పీట మీద కూర్చుని ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం సగం ముద్దకే చెయ్యి కడుక్కుని లేచిన మనిషి మళ్ళీ కంచం దగ్గరికి రాలేదు.

"ఆకలి లేదు తల్లీ."

"ఆఫ్రికాలో నేటాలు దేశంలో ఇరవై ఆరేండ్లు ఉండొచ్చినా మీకు అబద్ధమాడేది రాలే బావా. కడుపు అరిచేది ఈడికి వినబడతాంది."

ఆయన నవ్వాడు. నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "ఇవి జ్వరం లేచి ఆకు తినేటప్పుడు నేనూ తింటా. అంతదాకా పెట్టెయ్యి."

ఆమె ముద్ద మీద, ఉలవచారు గిన్నె మీద మరో కంచం బోర్లించి గోడవారగా పెట్టింది. వంగినప్పుడు నడుముకు దోపిన వక్కాకు సంచిలో మడిచిన కార్డు మొన గుచ్చుకుంది. శనివారం నుంచి అలా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ కార్డు మునిశామప్ప చూడలేదు. చూడకుండా దాచింది ఆమే.

బొంబాయి కంపెనీవారొకరు పడమటి సముద్రంలో తిమింగలాలను వేటాడి నూనె తీయించాలనుకుంటున్నారు. ఆ నూనెను పరీక్షించే కెమిస్టుగా ఆమె కొడుకు వెంకటేశప్పను తీసుకుంటామన్నారు. ఒకటే షరతు. నేటాలులోని డర్బన్ ఒడ్డున అన్నేళ్ళు తిమింగలాలను కోసిన వాడి పెద్దనాయన మునిశామప్ప కూడా మేస్త్రీగా రావాలి, కోత తెలియని కూలీలకు కోత నేర్పాలి. పదకొండు రోజుల క్రితం వెంకటేశు జవాబు రాయడానికి కూర్చుని, పెద్దనాయనను అడిగి రాస్తానన్నాడు. "అడిగేదేముందిరా, నీకోసం ఆయన కాదంటాడా? ఒప్పుకున్నాడని రాసెయ్" అన్నది సుబ్బలక్ష్మమ్మే. బీఎస్సీ పాసైన కొడుకు రెండేళ్ళుగా తోటలో ఆకు కోస్తుంటే ఏ తల్లికైనా తొందరగానే ఉంటుంది.

నిన్న అడిగారు. ఆయన కాదన్నాడు.

ఈ రోజు సోమవారం. మధ్యాహ్నం లోపల వస్తానని, పెద్దాయన ఒప్పుకున్నందుకు కంపెనీవారు చాలా సంతోషించారని, ఏజెంటు పిళ్ళప్ప కార్డులో రాశాడు.

చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. ఆమె నోరు తెరిచింది.

"ఏందమ్మా, బావామరదలూ కన్నం వేసే దొంగల మాదిరి గుసగుసలు?"

ఆకుగంప నెత్తిన పెట్టుకుని గుమ్మంలో పనికొచ్చే ముసలి అక్కయమ్మ నిలబడి ఉంది. అక్కయమ్మకు చెవుడు. తాను గుసగుసలాడుతున్నాననే అనుకుంటుంది గానీ, ఆ గుసగుస వీధి చివరికి వినబడుతుంది.

"గమ్మునుండవ్వా! జ్వరంలో ఉండాయి."

"నాకూ మోకాళ్ళ జ్వరమే. నన్ను యావమ్మ నిద్రపోనిస్తాంది?" అక్కయమ్మ గంప దించి, ఆకు వాడకుండా తడిగుడ్డ కప్పి, మునిశామప్ప వైపు తల తిప్పింది. "ఈయన మొగం చూడు. పురుగుల కంటే ఈయనకే ఎక్కువ జ్వరం వచ్చినట్ల ఉండాది."

ఆమె వెనకే వెంకటేశు వచ్చాడు. కాళ్ళు కడుక్కుని తడికాళ్ళతోనే లోపలికి అడుగుపెట్టాడు. రాత్రంతా ఒక మాట కూర్చుకుని వచ్చినట్టున్నాడు, ముఖం చూస్తే తెలుస్తోంది.

"పెద్దనాయనా, నిన్న నేనన్న మాట..."

"యా మాట?"

"నువ్వు తిమింగలాలను కోసి పంపిన దుడ్డుతోనే నేను చదివినా, ఇప్పుడదే పని పాపమంటే ఎట్లా అని..."

"నిజమేగదరా అది. నిజానికి ఏమి క్షమాపణ?"

వెంకటేశు పక్కనే గొంతుకూర్చున్నాడు. వాడికి ఆరేళ్ళప్పుడు తండ్రి గంగప్ప పోయాడు. అప్పటి నుంచి బడి ఫీజు, బెంగళూరు హాస్టలు, అన్నీ డర్బన్ నుంచి వచ్చిన మనియార్డర్లే. పెద్దనాయనను మొదటిసారి చూసింది మాత్రం రెండేళ్ళ క్రితం, చింతామణి రైలుస్టేషనులో. చూడగానే గుర్తుపట్టాడు. నడక అచ్చం తండ్రి నడకే.

"క్షమాపణ కాదు, ఒక మాట అడగాల. ఈ గదిలో ఎన్ని పురుగులుండాయి? నలభై వేలుంటాయా?"

"ఉంటాయి."

"ఇంకో పదిహేను దినాలకు గూళ్ళను అమ్మ వేడినీళ్ళలో వేస్తాది. నలభై వేల ప్రాణాలు. ఆ పట్టుతో ఎవరో ఒకామె చీర కట్టుకుంటాది. తిమింగలం ఒకటే ప్రాణం. దాని నూనెతో ఎన్ని ఊర్లకు సబ్బు, ఎన్ని మిషన్లకు నూనె! యాది ఎక్కువ పాపమో నువ్వే లెక్క చెప్పు."

అన్నీ గుసగుసలే. మధ్యలో ఒకసారి వాడి గొంతు లేవబోతే సుబ్బలక్ష్మమ్మ వేలు పెదవుల మీద పెట్టింది. వాడు తల వంచి మళ్ళీ మెల్లగా అందుకున్నాడు.

"లెక్కలు చదివినోడివి నువ్వు," అన్నాడు మునిశామప్ప. "నాకు లెక్క తెలీదు. ఒకటి తెలుసు. వీటి వయసు నాకు తెలుసు. గుడ్డు పగిలింది యా దినమో తెలుసు. నేటికి పద్దెనిమిది దినాలు. మనం ఆకేసినాం, మనం పెంచినాం. పాపం లేదని నేననను. గూళ్ళు వేడినీళ్ళలో వేసేటప్పుడు మీ అమ్మ మొగం అట్ల తిప్పుకుంటాది. నేను చూసినా."

సుబ్బలక్ష్మమ్మ ఉలిక్కిపడింది. అది ఎవరూ చూడలేదనుకుంది ఇన్నాళ్ళూ.

"రాగి కోస్తే వచ్చే ఏడాదికి మళ్ళా రాగి వస్తాది. కాసే చింతమాను కొట్టాలంటే మాత్రం మన పెద్దోళ్ళు దానికి మొక్కి, పసుపు పెట్టి, నాలుగు దినాలు ఆలోచన చేసేవాళ్ళు. ఎందుకు? అది ఎవరు నాటినారో, ఎందరికి పులుసు పోసిందో వాళ్ళకు తెలీదు గనక."

"తిమింగలం మాను కాదు పెద్దనాయనా, చేప."

"చేప కాదని నీ బుక్కులోనే ఉండాది గదరా బీఎస్సీ! బిడ్డకు పాలిస్తాది. కోసేటప్పుడు పాలు కారిన చెక్కల మీద జారి పడినోణ్ణి, నాకు చెప్తావా?"

వెంకటేశు నాలుక కరుచుకున్నాడు. అక్కయమ్మకు ఏమి వినబడిందో, కిసుక్కున నవ్వింది.

మునిశామప్ప లేచి, దూలం సందులోంచి ఒక గుడ్డమూట తీశాడు. వచ్చిన రోజు నుంచి అది అక్కడే ఉంది. ఇంటికి సున్నం కొట్టినప్పుడు కూడా సుబ్బలక్ష్మమ్మ దాన్ని తీసి, దులిపి, విప్పకుండానే మళ్ళీ పెట్టింది. ఇప్పుడు ఆయన విప్పాడు.

అరచేతి పొడవు ఇనుపమొన. ఒకవైపు రెక్క విరిగింది. నల్లగా, గరుకుగా, నీళ్ళలో నానిన పాత నాగలికర్రులా ఉంది. కాడ దగ్గర మూడు ఇంగ్లీషు అక్షరాలు సుత్తితో కొట్టినట్టు కనబడుతున్నాయి.

"నేను తిరిగొచ్చేముందు ఒక ముసల్దాన్ని ఈడ్చుకొచ్చినారు," అన్నాడు. "ఆడది. మూడు ఎద్దులబండ్లు వరసగా నిలబెడితే ఎంతో అంత పొడుగు. ఒళ్ళంతా గీతలు. ఈనే వయసు ఎప్పుడో దాటిపోయింది. పడవ మీద ఫిరంగితో ఈటె కొట్టినోడు ఆ దినం సారాయి తాగతా చెప్పినాడు. పడవను చూస్తూనే మిగతావి పారిపోలేదంట. దీన్ని నడిమధ్యన పెట్టుకుని చుట్టూ నిలబడినాయంట. మన ఇండ్లలో అవ్వకు జబ్బు చేస్తే మంచం చుట్టూ నిలబడతాము చూడు, అట్ల."

వెంకటేశు ఇనుపమొన వైపు వంగాడు.

"నేను వీపు కాడ కోత మొదలుపెట్టినా. జానెడు లోతు దిగినాక కత్తికి టక్కుమని తగిలింది. కాలి మడమలో ముల్లిరిగితే చుట్టూ కాయకట్టదా? అట్ల కొవ్వులో ఒక సంచి మాదిరి కట్టుకుని ఉండాది. దాని లోపల ఇది. మా పై మేస్త్రీ నార్వే దొర, ముసలాయన. చేతిలోకి తీసుకుని అక్షరాలు చూసి టోపీ తీసేసినాడు. 'ఇది చేత్తో విసిరే కాలం ఈటెరా మునీ. ఈ అక్షరాల ఓడ మా నాయన పిల్లోడుగా ఉన్నప్పుడే కాలిపోయింది' అన్నాడు."

వెంకటేశు పెదవులు కదిలాయి. లెక్క వేస్తున్నాడు.

"అరవై ఏండ్లు. ఇంకా పైనే," అన్నాడు చివరికి.

"నేను పుట్టకముందు ఎవరో దాన్ని పొడిచినారు. పొడిపించుకుని, ఈ ఇనుము మోసుకుని, అది బతికింది. నేను పుట్టినా, ఓడెక్కినా, పెండ్లి చేసుకున్నా, పెండ్లాన్ని మట్టిలో పెట్టినా. అన్ని దినాలూ అది ఆ సముద్రంలో తిరగతానే ఉండాది. మనిషికి అరవై నిండితే షష్టిపూర్తి చేస్తాము. దానికి మేము చేసింది ఇది."

"అయితే..." వెంకటేశు ఆగాడు. అడగాలా వద్దా అని తల్లి వైపు చూశాడు. "అది ముప్పై ఏండ్లదై ఉంటే కోసేవాడివేగదా?"

"కోసినా గదరా. ఇరవై ఆరేండ్లు కోసినా. నీ వయసెంతమ్మా అని ఒక్కదాన్నీ అడగలే. అడగక తప్పనంత ముసల్ది వచ్చినాకగానీ నాకు బుద్ధి రాలే."

"ఆ దినం కోత నిలిపేసినావా?"

మునిశామప్ప విప్పిన గుడ్డను మడతపెట్టాడు.

"లేదు. ఇది దొరికేటప్పటికి సగం కోసినా. మిగతా సగం ఎవరు కోస్తారు? నేనే కోసినా."

వెంకటేశు చెయ్యి చాచాడు. ఆయన ఇనుపమొనను వాడి అరచేతిలో పెట్టాడు. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలితో ఆ మూడు అక్షరాలూ తడిమి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఇనుము వాడి పిడికిట్లోనే ఉంది.

అక్కయమ్మ తట్టల మీద వంగి పురుగులను చూస్తోంది. ఒకటి రెండు లేచి తల ఆడిస్తున్నాయి. అయినా ఆకు వెయ్యకూడదు. ముందు లేచినవాటికి వేస్తే వెనకవి చిక్కిపోతాయి. అన్నీ లేచేదాకా కాచుకోవాలి.

సుబ్బలక్ష్మమ్మకు ఇంక కాచుకునే ఓపిక లేదు. వక్కాకు సంచి తీసింది. ఆకులు, వక్కలు, సున్నపుకాయ పక్కకు జరిపి కార్డు తీసి ఆయన ముందు పెట్టింది.

"బావా, తప్పు చేసినా."

ఆయన కార్డు చేతిలోకి తీసుకున్నాడు. కన్నడంలో ఉంది. కూడబలుక్కుని చదువుతుంటే పెదవులు కదులుతున్నాయి. "ఒప్పుకున్నందుకు" అన్న మాట దగ్గర ఆగిపోయాయి.

"వాడు రాసినాడా?"

"రాసింది వాడు. రాయించింది నేను. మిమ్మల్ని అడగాలనే వాడన్నాడు. అడగాల్సిన పని లేదన్నా. వాణ్ణి ఏమీ అనొద్దండి."

ఆయన కార్డును మళ్ళీ అదే మడతల మీద మడిచాడు. కోప్పడితే బాగుండునని ఆమె అనుకుంది. మామూలుగా మనుషులు కోప్పడినట్టు కోప్పడి, కార్డు చించి పారేస్తే బాగుండును.

"నేను ఈ ఇంటికొచ్చిన మొదటి దినం గుర్తుండాదా తల్లీ?" అన్నాడాయన. "చేతులకు ఆ నూనె వాసన. ఓడలో నెల దినాలు కడిగినా పోలే. అన్నం కాడ కూర్చునేకి సిగ్గుపడి బయటే నిలబడినా. నువ్వు ఒక్క మాట అడగలే. చెంబుతో కుంకుడురసం తెచ్చి నా ముందర పెట్టి, ఆ పక్కకు తిరుక్కున్నావు. ఆ దినం అనుకున్నా, ఈ ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడగరని."

ఆమె కళ్ళు నిండిపోయాయి.

"అడక్కుండా పెట్టినావు అప్పుడు. అడక్కుండా రాయించినావు ఇప్పుడు," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నట్టయితే ఆమె భరించగలిగేది.

బయట జట్కా ఆగిన చప్పుడు. వెంటనే ఒక గట్టి గొంతు: "మునిశామప్పనోరి ఇల్లు ఇదేనా? ఎవరమ్మా లోపల?"

మునిశామప్పే ముందుగా లేచి వెళ్ళాడు. పొడుగు కోటు, తలపాగా, చంకలో తోలుసంచితో పిళ్ళప్ప గుమ్మంలోకి అడుగు పెట్టబోతున్నాడు. మునిశామప్ప చెయ్యి అడ్డం పెట్టి, వేలు పెదవుల మీద పెట్టాడు.

"మెల్లగా అప్పా. లోపల పురుగులు జ్వరంలో ఉండాయి. తిన్నె మీద కూర్చోండి."

పిళ్ళప్ప కూడా పట్టుపురుగులు పెంచే సోమేనహళ్ళి వైపు మనిషి కాబట్టి ఇంక చెప్పనక్కరలేకపోయింది. వెంటనే గొంతు తగ్గించి, చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, తిన్నె మీద కూర్చున్నాడు. సుబ్బలక్ష్మమ్మ కాళ్ళకు నీళ్ళు, మజ్జిగ తెచ్చి పెట్టి తలుపు వారన నిలబడింది. పెరటి వైపు నుంచి వెంకటేశు కూడా వచ్చాడు. పిడికిలి ఇంకా మూసే ఉంది.

"మీరేగదా మునిశామప్పనోరు?" పిళ్ళప్ప గుసగుసగా అంటూ సంచిలోంచి కాగితం తీశాడు. "మీరు ఒప్పుకున్నారని వెంకటేశప్ప రాసినప్పటి నుంచి మా దొరలకు నిద్ర లేదు. మీరిక్కడ సంతకం పెడితే, ఆయన పని ఆర్డరు రేపటి టపాలోనే. మీరు ఒప్పుకున్న మాట నిజమేగదా?"

వెంకటేశు ఉన్నచోటే ఆగిపోయాడు. సుబ్బలక్ష్మమ్మ తలుపు పట్టుకుంది. ఇప్పుడు ఆయన ఒక్క మాట అంటే చాలు. నేనట్లా అనలేదు అంటే చాలు. తల్లీకొడుకులిద్దరూ పరాయి మనిషి ముందు అబద్ధాలకోరులవుతారు. అది న్యాయమే.

"ఆ జాబు మా ఇంట్లోంచి వచ్చిందే," అన్నాడు మునిశామప్ప. "ఎన్ని నెలల పని?"

"నాలుగు నెలలు. ఒక్క సీజను."

"తిమింగలాలు పిల్లల్ని వెంటేసుకుని ఒడ్డుకొచ్చే నెలలేనా?"

పిళ్ళప్ప తడబడ్డాడు. "అది... దొరలకు తెలుస్తాదప్పా. నాకు నూనె సంగతే తెలుసు."

"నాలుగు నెలలు," అని మునిశామప్ప తనలో తాను అనుకుని, కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అరిటాకు మీద వడ్డించిన చేదుకూర చూసినట్టు చూశాడు దాన్ని. పెట్టినవాళ్ళ ముఖం చూసి, తినడానికి సిద్ధపడిన మనిషి చూపు అది. ఆ చూపు సుబ్బలక్ష్మమ్మకు బాగా తెలుసు.

"బావా!"

గొంతు పైకి లేచింది. రెండు రోజులుగా ఆ ఇంట్లో వినబడని గొంతు. పిళ్ళప్ప చేతిలో మజ్జిగ తొణికింది. మునిశామప్ప ఉలిక్కిపడి పురుగుల గది వైపు చూశాడు.

"వద్దు బావా! అది నా అబద్ధం. మీరు మోయొద్దు!"

లోపలి నుంచి అక్కయమ్మ కేక వేసింది. "ఎవరమ్మా అరిచేది? ఇంక అరిచినా పరవాలే. లేచినాయి! అన్నీ లేచినాయి! ఆకు, ఆకు! రాండి!"

జ్వరం లేచిన పురుగుకు ఆకు ఆలస్యం కాకూడదు. ఎంతటి మాటైనా, ఎంతటి మనిషైనా అప్పుడు ఆగాల్సిందే. మునిశామప్ప కాగితాన్ని తిన్నె మీద పెట్టి లోపలికి నడిచాడు. అది గాలికి లేవబోయింది. వెంకటేశు పిడికిలి విప్పి, ఇనుపమొనను దాని మీద పెట్టి, ఆకుగంప కోసం పరుగెత్తాడు.

నలభై వేల నోళ్ళు ఆకు మీద పడ్డాయి. ఎండిన కందికాయలు చేటలో ఒలుస్తున్నట్టు గదంతా చిటపటమంది. ఆ చప్పుడు మధ్య మునిశామప్ప గోడవార పీట వేసుకుని, బోర్లించిన కంచం తానే తీసి, చల్లారిన ముద్ద విరిచి చారులో అద్దుకున్నాడు. సుబ్బలక్ష్మమ్మ వేడి చేసి తెస్తానంటే తల అడ్డంగా ఊపాడు. తన ఎదుటి నేలను చేత్తో తుడిచి, కూర్చోమన్నట్టు చూపించాడు.

ఆమె కూర్చుంది. ఆయన ఏమి నిర్ణయించాడో ఆ ముఖంలో ఆమెకు కనబడలేదు.

బయట పిళ్ళప్ప ఇనుపమొనను ఒక వేలితో తాకి చూశాడు. ఆకుగంపతో గుమ్మం దాటుతున్న వెంకటేశును ఆపాడు.

"ఏందప్పా ఇది? ఇంత బరువుండాది!"

"మా పెద్దనాయన చెప్తాడు," అన్నాడు వెంకటేశు. "తినేది అయినాక."

దాని కింద కాగితం అంచు గాలికి రెపరెపలాడుతోంది. సంతకం పెట్టాల్సిన చోటు ఇంకా తెల్లగానే ఉంది.